తుంగభద్రలో ఎదురెక్కే చేపలను నిలబెట్టడం ఎలా, అందుకు డబ్బు ఎక్కడిది?

కర్నూలుకు చెందిన ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. ఏటా తుంగభద్రలోనూ శ్రీశైలం వెనుక జలాల్లోనూ లక్షల కొద్దీ చేపపిల్లలను వదులుతున్నా పాతకాలపు నాటు చేపలు తగ్గిపోతూనే ఉన్నాయి. సముద్రం నుంచి వచ్చే పులసను గానీ, నదిలోనే పైకీ కిందికీ తిరిగే చేపలను గానీ మళ్ళీ రప్పించడానికి వీలుందా? అందుకు ఆనకట్టలు కూల్చాలా? వీలుంటే ఆ పనికి డబ్బు ఎవరిస్తారు? రాయలసీమ నదుల్లోనూ జలాశయాల్లోనూ చేపల మీద చాలా ఏళ్ళు పనిచేసినవాడిగా ముందే ఒక మాట చెబుతాను. పులస కర్నూలు దాకా రాదు, దాని పేరు చెప్పి ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టనక్కర లేదు. గండుమీను, వాలుగ, మోసు, నది జెల్లల వంటి చేపల విషయం వేరు; వాటికి కావలసినది కొన్ని వారాల పాటు తెరిచి ఉండే దారి, తల్లి చేపలకు రక్షణ, ఏడాదికి ఏడాది ఆగకుండా అందే కొద్దిపాటి నిధి.

పులస సంగతి తొందరగా ముగిస్తాను. కృష్ణలో సముద్రం నుంచి కర్నూలు వైపు రావలసిన చేపకు ప్రకాశం బ్యారేజీ, పులిచింతల, సాగర్ టెయిల్‌పాండ్, నాగార్జునసాగర్, శ్రీశైలం వరుసగా అడ్డం వస్తాయి. సాగర్ ఎత్తు 124 మీటర్లు, శ్రీశైలం ఎత్తు 145 మీటర్లు. అంత ఎత్తుకు చేపల మెట్లు కట్టి పులసను ఎక్కించిన అనుభవం ఎక్కడా లేదు. పైగా పులస సాల్మన్‌లాగా ఎగిరి మెట్టు దాటే చేప కాదు. కావేరిలో 1934లో మెట్టూరు ఆనకట్ట పూర్తయిన తర్వాత పులస పైకి రావడం ఆగిపోయింది; గంగలో ఒకప్పుడు అలహాబాదు దాటి పైకి పోయిన చేప 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక దాని ఎగువన దాదాపు కనిపించకుండా పోయింది. ఫరక్కా ఎత్తు తక్కువ, అక్కడ పడవల లాకు కూడా ఉంది, అయినా ఈ పరిస్థితి. సముద్రంలో పుట్టి నదిలో పెరిగే మలుగుపాము (ఈల్) చేపకూ, ఉప్పునీటి కయ్యల్లో పిల్ల దశ గడిపి నదిలోకి వచ్చే నీలకంఠ రొయ్యకూ ఇదే అడ్డంకి వర్తిస్తుంది.

ఇక్కడే వలస అన్న మాటను కొంచెం విప్పి చూడాలి. వలస చేప అనగానే సముద్రం నుంచి వచ్చేదే గుర్తుకు వస్తుంది గానీ, మన నదుల్లోని పెద్ద చేపల్లో ఎక్కువ భాగం సముద్రం మొహం చూడకుండా నది లోపలే ప్రయాణం చేస్తాయి. వేసవిలో మడుగుల్లో తలదాచుకుంటాయి. జూన్, జూలైల్లో కొత్తనీరు వచ్చి ఏరు ఎర్రబారగానే ఎదురెక్కుతాయి. గట్లు మునిగి పల్లపు గడ్డి మీద నీరు పరుచుకున్న చోట గుడ్లు పెడతాయి. బొచ్చె, మోసు, గండుమీను జాతుల గుడ్లు దేనికీ అంటుకోకుండా నీటితో పాటు దొర్లుకుంటూ పోతాయి, ఒక్కరోజు తిరగకముందే పొదుగుతాయి. పుట్టిన పిల్లలు ప్రవాహంతో కిందికి కొట్టుకుపోయి, నెమ్మదైన నీరు దొరికిన చోట నిలిచి పెరుగుతాయి. అంటే ఈ చేపకు మూడు చోట్లు కావాలి, మూడింటి మధ్య దారి కావాలి. ఒక్క చోటు పోయినా, ఒక్క దారి మూసుకున్నా ఆ ఏటి పంట పోయినట్టే.

ఆ లెక్కన చూస్తే శ్రీశైలం జలాశయం వల్ల మనకు జరిగింది పూర్తి నష్టమేమీ కాదు. నిండినప్పుడు దాని వెనుక జలాలు కర్నూలు దగ్గరికి వస్తాయి. పెద్ద చేపలు ఏడాదంతా బతకడానికి అదొక ఆశ్రయం. అక్కడ పెరిగిన తల్లి చేపలు వరద వాసన తగలగానే కృష్ణలోకి, తుంగభద్రలోకి, నల్లమల నుంచి దిగే భవనాశి వంటి వాగుల్లోకి ఎక్కజూస్తాయి. తుంగభద్రలో ఎక్కిన చేపకు ముందుగా ఎదురయ్యేది కర్నూలు నగరపు మురుగు మోసుకొచ్చే హంద్రీ సంగమం. దాన్ని దాటి పైకి పోతే సుంకేసుల. సుంకేసుల దాటగలిగిన చేపకు మంత్రాలయం మీదుగా రాజోలిబండ ఆనకట్ట దాకా నది దొరుకుతుంది. కాబట్టి ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఒకే ఒక్క చోట డబ్బు పెట్టమంటే నేను సుంకేసులనే చూపిస్తాను.

సుంకేసుల దగ్గర పంతొమ్మిదో శతాబ్దంలో కె.సి. (కర్నూలు-కడప) కాలువ కోసం కట్టిన పాత ఆనకట్ట మీదుగా వరద పొర్లేది. పెద్ద వరదలో ఎగువకూ దిగువకూ నీటి మట్టం దాదాపు సమానమయ్యేది, ఆ కొద్దికాలంలోనే చేప దాటిపోయేది. ఇప్పటి బ్యారేజీకి గేట్లున్నాయి, నిల్వ 1.2 టీఎంసీలు. ఇక్కడ మొదటి పనికి సిమెంటూ కంకరా అక్కర్లేదు, గేట్లు ఎత్తే పద్ధతి మారిస్తే చాలు. మామూలుగా వరద తక్కువగా ఉన్నప్పుడు చాలా గేట్లను కొంచెం కొంచెం ఎత్తి నీరు వదులుతారు. అలా వదిలినప్పుడు గేటు కింది సందులోంచి నీరు ఎంత ఒత్తిడితో దూసుకొస్తుందంటే ఏ చేపా దానికి ఎదురు పోలేదు. పైనుంచి కొట్టుకొచ్చే చేపపిల్లలు ఆ ఒత్తిడికి చనిపోతాయి. గేటు కిందుగా వదిలిన నీటిలో పిల్లల మరణాలు ఎక్కువగా ఉంటాయని ఆస్ట్రేలియాలో పరీక్షించి చూశారు. అదే నీటిని ఒడ్డు పక్కనున్న రెండు మూడు గేట్లను పూర్తిగా ఎత్తి వదిలితే, రైతుకు పోవలసిన నీటిలో చుక్క తగ్గకుండా చేపకు దారి దొరుకుతుంది. దీనికి కావలసింది సాగునీటి ఇంజనీర్లూ మత్స్యశాఖవారూ జూన్‌లోనే కూర్చుని రాసుకునే ఒక గేట్ల ప్రణాళిక. మొదటి వరద వచ్చిన రోజుల్లో రాత్రిపూట కూడా దాన్ని పాటించాలి, ఎందుకంటే చాలా జాతులు కదిలేది చీకటి పడ్డాకే.

రెండో పనికి డబ్బు కావాలి. బ్యారేజీ పక్కనుంచి వాగును పోలిన వంపుల దారి తవ్వి, రాళ్ళు పేర్చి, ఒక్కో అంచెకు బెత్తెడు నుంచి జానెడు లోపు ఎత్తు మాత్రమే ఉండేలా నీటిని దింపాలి. లావోస్‌లో పాక్ పియుంగ్ అనే చోట సాగునీటి రెగ్యులేటరు పక్కన ఆస్ట్రేలియా పరిశోధకుల సాయంతో ఇలాంటి చేపల దారి కట్టారు. మెకాంగ్ చేపల్లో వందకు పైగా జాతులు దానిగుండా పోతున్నట్టు నమోదైంది. మనకు పనికొచ్చే నమూనా అది. అమెరికాలో సాల్మన్ కోసం కట్టిన నిలువు మెట్లను ఇక్కడికి తెస్తే వాటి మీద నీళ్ళు పారతాయి గానీ చేపలు ఎక్కవు. ఇక కాలువల సంగతి. కె.సి. కాలువలోకి, దిగువన శ్రీశైలం జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు రెగ్యులేటరులోకి మళ్ళే నీటితో పాటు ఆ ఏడు పుట్టిన పిల్లలు కూడా పోతాయి. అవి చివరికి పొలాల్లోనూ చెరువుల్లోనూ తేలతాయి, నదికి తిరిగి రావు. అంత పెద్ద కాలువకు జల్లెడ పెట్టడం సాధ్యం కాదు. గుడ్లు, పిల్లలు ఎక్కువగా కొట్టుకొచ్చే మొదటి వరద రోజుల్లో తొలి నీటిని నదికే వదలడం ఒక్కటే నాకు కనిపించే మార్గం. రైతు సంఘాలను ఒప్పించకుండా ఆ మాట ఎత్తడం కూడా తప్పే, ఎందుకంటే కడప దాకా ఆ నీటి కోసం ఎదురుచూసే పొలాలున్నాయి.

చేపపిల్లల విడుదల గురించి మీరు అడిగారు. 1957 జూలై 10న హీరాలాల్ చౌధురి హార్మోను ఇంజెక్షన్‌తో కార్పు చేపలను గుడ్లు పెట్టించడంలో సఫలమయ్యే వరకు దేశంలో చేపల చెరువులకు విత్తనం ప్రధానంగా నదుల నుంచే వచ్చేది. అప్పటిదాకా వరదలో గుడ్లు, పిల్లలు ఎక్కడ దొరుకుతాయో తెలియడం మత్స్యశాఖకు రోజువారీ అవసరం. హేచరీలు వచ్చాక ఆ అవసరం తీరింది, దాంతో పాటు నది మీద చూపూ తప్పుకుంది. ఇప్పుడు సంచి మూతి విప్పి ఫొటో దిగేసరికి కార్యక్రమం ముగుస్తోంది. 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలను జలాశయంలో వదిలితే వలకు చేపలు పడతాయి, మత్స్యకారుడికి నాలుగు డబ్బులు వస్తాయి. దానికి నేను వ్యతిరేకిని కాను. అయితే అది జలాశయంలో చేసే సాగు. హేచరీలో దొరికే మూడు నాలుగు జాతులనే ఏటా వదులుతుంటే గండుమీనుకూ వాలుగకూ ఒరిగేది ఏమీ లేదు. వాలుగ ఇప్పటికే అంతర్జాతీయ జాబితాల్లో ముప్పున్న జాతిగా చేరింది. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో నదుల్లోకి చేపపిల్లలను వదలడానికి నిధులున్నాయి. ఆ డబ్బుతో అదే నదిలో పట్టిన తల్లి చేపల నుంచి తీసిన స్థానిక జాతుల పిల్లలనే వదలాలని పట్టుబట్టగలిగితే అది నదికి ఉపయోగపడే ఖర్చు అవుతుంది. దక్కన్ మహసీరును పెంచే పద్ధతి లోనావాలా దగ్గర ఎప్పుడో స్థిరపడింది కాబట్టి అదీ సాధ్యమే. కాకపోతే మహసీరుకు రాతి అడుగూ పారే తేట నీరూ ఉండాలి, వాటిని చూపించకుండా పిల్లలను వదిలితే వృథా.

తల్లి చేపల రక్షణ అన్నిటికంటే చవకైన పని, అన్నిటికంటే కష్టమైన పని కూడా. శ్రీశైలం వెనుక జలాల్లో, ముఖ్యంగా సంగమేశ్వరం చుట్టుపక్కల, అలివి వలల గొడవ మీకు తెలిసిందే. దోమతెర అంత సన్నని కన్నుల వల లాగితే వేలెడు పిల్లలు కూడా మిగలవు. వాటిని ఎండబెట్టి మేతకు అమ్ముతారు. వల వేసేవారు బయటి నుంచి వచ్చారని స్థానిక బెస్తవారు అంటారు, ఆ మాటలో నిజముంది. అయితే వారికి పెట్టుబడి పెట్టి సరుకు కొనేవారి జోలికి పోకుండా వలలు తగలబెట్టడం వల్ల వచ్చే ఏడు కొత్త వలలు వస్తాయి తప్ప మరేమీ జరగదు. మందుగుండు పేల్చడం, విషం కలపడం 1897 నాటి చట్టం నుంచే నేరాలు. ఇసుక కూడా ఇందులో భాగమే. తుంగభద్రలోనూ కుందూలోనూ మడుగుల అడుగు తవ్వేస్తే వేసవిలో చేప దాగే చోటే ఉండదు.

వేట ఆపమనేటప్పుడు ఆపినవాడి పొయ్యి సంగతి చూడాలి. బంగ్లాదేశ్ పులస విషయంలో చేసింది ఇదే. 25 సెంటీమీటర్ల లోపు పులస పిల్లలను నవంబరు నుంచి జూన్ దాకా పట్టకూడదని, అక్టోబరులో గుడ్లు పెట్టే 22 రోజులు పూర్తిగా వేట ఆపాలని నియమం పెట్టి, ఆ కాలంలో మత్స్యకార కుటుంబాలకు బియ్యం ఇచ్చారు. 2002-03లో సుమారు 2 లక్షల టన్నులున్న అక్కడి పులస దిగుబడి 2017-18 నాటికి 5 లక్షల టన్నులు దాటింది. ఆ పెరుగుదల అంతా నిషేధం వల్లనే అనడం అతిశయోక్తి అవుతుంది గానీ దాని పాత్ర పెద్దది. మన రాష్ట్రంలో సముద్రంలో 61 రోజుల వేట నిషేధానికి మత్స్యకారులకు ప్రభుత్వం నగదు సాయం చేస్తోంది. తుంగభద్రలో పుట్టి (గుండ్రని తెప్ప) వేసుకుని చేపలు పట్టే కుటుంబానికి వరద వారాల్లో అలాంటి సాయం స్థిరంగా అందాలి. బ్యారేజీ పక్క దారికంటే ముందు దీనికే డబ్బు కేటాయించాలని నా అభిప్రాయం.

ఇక డబ్బు. ఈ చర్చల్లో అమెరికా ఉదాహరణ తరచుగా వస్తుంది కాబట్టి దాని పనితీరు చెబుతాను. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం తుపాకుల మీద, మందుగుండు మీద వేసిన పన్నును వన్యప్రాణుల సంరక్షణకే కేటాయిస్తుంది. 1950 నాటి డింగెల్-జాన్సన్ చట్టం గాలాలు, వాటి సామగ్రి మీది పన్నును చేపలకు కేటాయిస్తుంది. రాష్ట్రాలు తమ వేట లైసెన్సుల రాబడిని వేరే పనులకు మళ్ళిస్తే ఆ వాటా అందదు. అందులోని తెలివంతా ఈ షరతులోనే ఉంది. అక్కడ వేటగాడూ గాలం వేసేవాడూ కోట్లలో ఉన్నారు. మన దగ్గర వన్యప్రాణుల వేట నేరం, సరదాకు గాలం వేసేవారు కొద్దిమంది, కాబట్టి పన్నును దిగుమతి చేసుకోవడం కుదరదు. షరతును మాత్రం తెచ్చుకోవచ్చు. నది వల్ల లాభపడేవారి నుంచి తీసుకున్నది నదికే తిరిగి చేరాలి.

మన నదుల వల్ల లాభపడేవారు ఎవరు? శ్రీశైలం కుడిగట్టున 770, ఎడమగట్టున 900 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రాలున్నాయి. యూనిట్‌కు ఒక్క పైసా నదికి పక్కన పెడితే, వంద కోట్ల యూనిట్లకు కోటి రూపాయలు వస్తాయి. సుంకేసుల గేట్ల పర్యవేక్షణకు, వరద వారాల భృతికి, రాత్రి కాపలాకు అది మంచి ఆరంభం. రెండోది ఖనిజం. కడప, అనంతపురం, కర్నూలు సున్నపురాయి గనుల నుంచి రాయల్టీ మీద 30 శాతం (2015 జనవరి తర్వాత వేలంలో పొందిన లీజులైతే 10 శాతం) జిల్లా ఖనిజ ఫౌండేషన్‌కు చేరుతుంది, పర్యావరణ పరిరక్షణ దాని ప్రాధాన్య రంగాల్లో ఒకటి. అయినా ఆ నిధి కోసం నది పేరుతో వచ్చిన ప్రతిపాదనలు నా ఎరుకలో బహు అరుదు. రోడ్లు, భవనాలు, బోర్ల ప్రతిపాదనలే వరుసగా వస్తుంటాయి. కంపెనీల సామాజిక బాధ్యత నిధి 2013 చట్టం ప్రకారం జీవజాతుల రక్షణకు కూడా వర్తిస్తుంది గానీ, అది ఏడాది కోసం వచ్చి ఏడాదితో పోయే డబ్బు. పరికరాలు కొనడానికి సరే, జీతాలకు దాన్ని నమ్ముకోవద్దు.

అడవుల డబ్బు వేరే తీరు. అటవీ భూమి మళ్ళింపుకు బదులుగా వసూలయ్యే నిధిలో 90 శాతం 2016 చట్టం కింద రాష్ట్రానికే వస్తుంది, ఎక్కువగా మొక్కలకు పోతుంది. అయితే సంగమేశ్వరం దిగువన కృష్ణ నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం అంచున పారుతుంది. ప్రతి పులుల అభయారణ్యానికీ వన్యప్రాణి చట్టం కింద ఒక ఫౌండేషన్ ఉండాలి, సందర్శకుల రుసుము అక్కడే ఖర్చు కావాలి. బైర్లూటి వంటి అటవీ పర్యాటక కేంద్రాల్లో వచ్చే రాబడిలో కొంత నదీ భాగపు కాపలాకు పెట్టడానికి చట్టం అడ్డు రాదు. ఆ కాపలా పని చెంచులకు ఇవ్వాలి. వారి చేపల హక్కును 2006 అటవీ హక్కుల చట్టం గుర్తించింది కూడా.

రోళ్ళపాడు అనుభవం ఇక్కడ పనికొస్తుంది. బట్టమేక పక్షి కోసం 1988లో అక్కడ 600 హెక్టార్లకు పైబడి అభయారణ్యం ఏర్పడింది. డబ్బూ వచ్చింది, కంచే వచ్చింది. చుట్టూ ఉన్న మెట్ట పొలాల తీరు మారింది, కృష్ణజింకలు పెరిగి పైరు తిన్నాయి, ఊళ్ళకు అభయారణ్యం అంటేనే విసుగు పుట్టింది, బట్టమేక కనిపించకుండా పోయింది. చేపల కోసం ఒక మడుగుకు బోర్డు పెట్టి చేతులు దులుపుకుంటే ఇదే జరుగుతుంది. ఇందుకు భిన్నమైనది కడప జిల్లా కలివికోడి. అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో రెడ్డిపల్లె దగ్గర దొరికాక, దాని నెలవు గుండా పోవలసిన తెలుగుగంగ కాలువ దారిని తర్వాతి కాలంలో మార్చారు. పక్షి కోసం కాలువే పక్కకు తప్పుకున్న సీమలో చేప కోసం గేటు ఎత్తే వేళ మార్చడం అసాధ్యమని ఏ ఇంజనీరైనా అంటే నేను ఒప్పుకోను.

ఆనకట్టలు కూల్చడం గురించి కూడా అడిగారు. అమెరికాలోని పెనాబ్‌స్కాట్ నదిలో ఒక ట్రస్టు ఆనకట్టలను డబ్బిచ్చి కొని, 2012లో ఒకదాన్ని, 2013లో మరొకదాన్ని తొలగించింది. మిగిలిన కేంద్రాల్లో ఉత్పత్తి పెంచుకుని విద్యుత్తు నష్టం లేకుండా చూసుకున్నారు, వేలల్లో వచ్చే హెర్రింగు చేపలు పదిలక్షల్లో రావడం మొదలైంది. మన దగ్గర సాగునీటి ఆనకట్టలకు ఆ మాట వర్తించదు. వాడుకలో లేని చిన్న చెక్‌డ్యాములు వాగుల మీద చాలా ఉన్నాయి. భవనాశిలాంటి నల్లమల వాగుల్లో అలాంటివాటికి గండి పెట్టడం గురించి మాత్రం ఆలోచించవచ్చు.

చివరిగా పెన్న గురించి, ఎందుకంటే అనంతపురం, కడప మిత్రులు కూడా ఇదే అడుగుతారు. పెన్నకు తుంగభద్ర మందు పనిచేయదు. అక్కడ నీరే కొన్నాళ్ళు. పైగా ఇప్పుడు మల్యాల దగ్గర ఎత్తిపోసిన కృష్ణ నీరు హంద్రీ-నీవా ద్వారా జీడిపల్లికి, పోతిరెడ్డిపాడు దగ్గర మళ్ళించిన కృష్ణ నీరు గాలేరు-నగరి ద్వారా గండికోటకు చేరుతోంది. నీటితో పాటు కృష్ణలోని తిలాపియా, ఆఫ్రికా మార్పు (క్యాట్‌ఫిష్) వంటి పరాయి చేపలు కూడా పెన్న పరీవాహకంలోకి చేరే దారి ఏర్పడింది. అందుచేత పెన్నలో వలస దారుల కంటే ముందు, వేసవిలో ఎండని సహజ మడుగులు ఏవేవో ఊరి మత్స్యకార సంఘాలతో కలిసి గుర్తించి, వాటిలో ఏ చేపలున్నాయో రెండు వేసవులు నమోదు చేయాలి. ఇసుక రీచ్‌ల జాబితాలోంచి ఆ మడుగులను తప్పించమని జిల్లా యంత్రాంగానికి ఇచ్చే అర్జీకి ఆ నమోదే ఆధారం. అది చేతిలో లేకుండా ఏ నిధికీ దరఖాస్తు పెట్టవద్దు.